పుస్తకాల గది: ఈ-పుస్తకాలకు చందా కట్టే ముందు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఈ-పుస్తకాల గురించే ఉన్నాయి. జూన్‌లో బడులు తెరిచే ముందు కంపెనీల వాళ్లు తిరుగుతారు కాబట్టి అది సహజమే. అందుకని ఈసారి ఇతర ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా వేసి, వీటికే జవాబులు రాస్తున్నాను. నల్లగొండ జిల్లాలో గురుకుల పాఠశాల లైబ్రేరియన్‌గా పని చేసి విరమించినదాన్ని. యాప్ ఎంత అందంగా ఉందన్నది నేను చూడను. పిల్లల చేతికి చివరికి ఏ పుస్తకం అందుతుంది, ఎంతకాలం అందుతుంది అన్నదే చూస్తాను.

ప్రశ్న: మేము ప్రైవేటు హైస్కూలు నడుపుతున్నాం. ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి, విద్యార్థికి ఏడాదికి ఇంత అని చందా కడితే పదివేల ఈ-పుస్తకాలు పిల్లలకు అందుబాటులో ఉంటాయని చెప్పారు. లైబ్రరీ గదిని కంప్యూటర్ ల్యాబ్‌కు ఇచ్చి, పూర్తిగా దీనికి మారాలని మా యాజమాన్యం ఆలోచన. మీ సలహా ఏమిటి?
— కరస్పాండెంట్, మిర్యాలగూడ

గది ఇవ్వకండి. ఈ మాట ముందే చెప్పి మిగతాది మొదలుపెడతాను.

అచ్చు పుస్తకం కొన్నాక అది మీది. దాన్ని ఎంతమందికి ఇచ్చినా, ఎన్నేళ్లు ఇచ్చినా ప్రచురణకర్త అడగడు. ఈ-పుస్తకంలో మీరు కొనేది పుస్తకాన్ని కాదు, కొన్ని షరతుల మీద చదివించుకునే అనుమతిని. కౌలుకు తీసుకున్న పొలం లాంటిది అది. గడువు తీరాక గట్టు మీద నిలబడే హక్కు కూడా ఉండదు. అందుకని ఆ ప్రతినిధి మళ్లీ వచ్చినప్పుడు యాప్ చూపించమని కాకుండా ఒప్పంద పత్రం చూపించమని అడగండి. అందులో లైసెన్సు ఏ రకమో రాసి ఉంటుంది.

ఒక రకంలో ఒక లైసెన్సుకు ఒక పాఠకుడే. ఒక పిల్లవాడు పుస్తకం తీసుకుంటే, అతడు తిరిగి ఇచ్చేదాకా మిగతావాళ్లు వరుసలో ఆగాలి. కంప్యూటర్లో ఉన్న పుస్తకానికి వరుస ఎందుకని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, కానీ ఒప్పందం అలా ఉంటుంది. ఎనిమిదో తరగతి అంతా ఒకే కథ చదివి మాట్లాడుకోవాలని మీ టీచర్ అనుకుంటే ఈ రకం పనికిరాదు. పదివేల పుస్తకాలు అన్నప్పుడు అవి పదివేల పేర్లా, పేరుకు ఎన్ని ప్రతులు అని తప్పకుండా అడగండి.

మరో రకంలో గడువు గాని, ఇన్నిసార్లే అన్న లెక్క గాని ఉంటుంది. 2011లో హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ అమెరికా గ్రంథాలయాలకు ఒక నిబంధన పెట్టింది. ఈ-పుస్తకం 26 సార్లు ఇష్యూ అయితే లైసెన్సు అయిపోయినట్టే, మళ్లీ కొనాలి. అన్నిసార్లు చేతులు మారితే అచ్చు పుస్తకం కూడా పాతబడి కొత్తది కొంటారు కదా అన్నది వాళ్ల వాదన. మంచి బైండింగు వేయించిన పిల్లల కథల పుస్తకాన్ని చూసిన ఏ లైబ్రేరియన్ అయినా ఈ వాదన ఒప్పుకోదు. 26 ఇష్యూల తర్వాత ఆ పుస్తకానికి ఇంకా సగం ఆయుష్షు కూడా తీరదు. పెంగ్విన్ ర్యాండమ్ హౌస్ 2018లో రెండేళ్ల గడువు పద్ధతికి మారింది. మాక్‌మిలన్ మరీ ముందుకు పోయి, 2019 నవంబరు నుంచి కొత్త పుస్తకం వచ్చిన మొదటి ఎనిమిది వారాలు ఒక గ్రంథాలయ వ్యవస్థకు ఒకే ఈ-ప్రతి అమ్ముతామని చెప్పింది. గ్రంథాలయాలు కొనడం మానేసి నిరసన తెలిపాయి. 2020 మార్చిలో ఆ నిబంధన ఎత్తేశారు. అక్కడి సంగతి మనకెందుకు అనుకోకండి. కొనేవాళ్లు గట్టిగా అడిగితే షరతులు మారతాయని దీనివల్ల తెలుస్తోంది. మీ పట్టణంలో నాలుగు బడుల కరస్పాండెంట్లు కలిసి అడిగితే ఆ ప్రతినిధి మాట తీరు కూడా మారుతుంది.

ఇంకో పద్ధతిలో ముందు ఏమీ కట్టరు, పిల్లవాడు తీసుకున్న ప్రతిసారీ కొంత కడతారు. ఎవరూ ఆగాల్సిన పని లేదు. కానీ పిల్లలు బాగా చదివే బడిలో దసరా సెలవులకే బడ్జెట్ అయిపోతుంది, ఆపైన నెలకు ఇన్నే అని కోత పెట్టాల్సి వస్తుంది. ఎక్కువ చదివినందుకు పిల్లలను ఆపే ఏర్పాటు బడికి తగదని నా గట్టి అభిప్రాయం. ఎంతమందైనా ఒకేసారి చదివే లైసెన్సులు కూడా ఉంటాయి. తరగతి అంతటికీ కావాలంటే అదే అడగండి, తక్కువ పుస్తకాలకైనా సరే.

పేరున్న వేదికల్లో ఓవర్‌డ్రైవ్ ఒకటి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో 1986లో మొదలైన సంస్థ. బడుల కోసం సోరా అనే యాప్ నడుపుతోంది. ఏ పుస్తకాలు కొనాలో బడి తానే ఎంచుకోవచ్చు. ఇంగ్లిష్ మాధ్యమం బడికి, ఖర్చు భరించగలిగితే, ఆలోచించదగ్గదే. కంపెనీ ఎంచిన మూట మొత్తం తీసుకోవాలనే ఏర్పాటు కంటే మనం ఎంచుకునే ఏర్పాటు నయం. మూటలో సంఖ్య పెంచడానికి వర్క్‌షీట్లు, కాపీరైటు తీరిపోయిన పాత ఇంగ్లిష్ నవలలు చేరుస్తారు. ఆ నవలలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైటులో ఎప్పటినుంచో ఉచితం.

పరీక్షించే పద్ధతి చెబుతాను. నెల రోజులు ఉచితంగా వాడి చూస్తామని అడగండి. మీ ఇష్యూ రిజిస్టర్ తీసి, పోయిన ఏడాది పిల్లలు ఎక్కువగా తీసుకున్న తెలుగు పుస్తకాలు ఇరవై, ఇంగ్లిష్ పుస్తకాలు ఇరవై రాసుకోండి. ఒక్కొక్కటే యాప్‌లో వెతకండి. ఎన్ని దొరికాయన్నదే మీకు కావలసిన లెక్క, పదివేలు కాదు. తెలుగు పుస్తకం దొరికితే అందులో ఒక వాక్యాన్ని వేలితో పట్టి కాపీ చేసి మరోచోట అతికించండి. అతికించనివ్వకపోతే పుస్తకంలోని ఒక తెలుగు మాటను వెతకండి. తెలుగు అక్షరాలకు బదులు అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు వచ్చినా, మాట దొరక్కపోయినా, అది అను అనే పాత రకం తెలుగు ఫాంట్లలో కూర్చిన ఫైలో స్కాన్ చేసిన బొమ్మో అయి ఉంటుంది. మన ప్రచురణ సంస్థలు చాలాకాలం పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే పుస్తకాలు కూర్చాయి. కంటికి బాగానే కనిపిస్తాయి గాని అందులో మాట వెతకలేరు, ఫోనులో అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అసలు అర్థం కాదు. ఏ పరికరంలోనైనా తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే ఉండే యూనికోడ్‌లో, తెరకు తగ్గట్టు వాక్యం సర్దుకునే ఈపబ్ ఫైలుగా కావాలని ఒప్పందంలో రాయించండి.

చివరగా, చందా ఆపేసిన రోజున మా దగ్గర ఏం మిగులుతుంది, మీ సంస్థ మూతపడితేనో చేతులు మారితేనో మా గతి ఏమిటి అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది గాని, పాఠకులు కొన్న పుస్తకాలు జులై నుంచి తెరుచుకోలేదు. పిల్లల పుస్తకాల వేదిక ఎపిక్‌ను 2021లో చదువుల యాప్ కంపెనీ బైజూస్ 50 కోట్ల డాలర్లకు కొన్నది. బైజూస్ దివాలా వ్యవహారాల్లో పడ్డాక 2025లో ఎపిక్ మరొకరి చేతికి పోయింది. అంత పెద్దవాళ్లకే ఇలా జరిగినప్పుడు, గది ఖాళీ చేసి ఒక్క కంపెనీ మీద ఆధారపడటం పిల్లలకు అన్యాయం. బీరువాలు ఉన్నచోటే ఉంచండి. యాప్ తీసుకుంటే అదనంగా తీసుకోండి.

ప్రశ్న: బాలికల ఆశ్రమ పాఠశాలలో లైబ్రరీ బాధ్యత చూస్తున్నాను. పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, ఉండనివ్వం కూడా. ఒక కంప్యూటర్ గది, ఒక ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర) ఉన్నాయి. నెట్ ఎప్పుడు వస్తుందో తెలియదు. మాకు ఈ-పుస్తకాల వల్ల ఉపయోగం ఉందా?
— ఉపాధ్యాయురాలు, అచ్చంపేట

ఉంది తల్లీ, కానీ చందా కట్టే వేదికల వల్ల కాదు. అవి ఒక్కో పాఠకురాలికి ఒక్కో పరికరం ఉంటుందన్న లెక్కతో కట్టినవి. మీకు కావలసింది ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా ఉండే పుస్తకం, అచ్చు తీసుకున్నా ఎవరూ కాదనని పుస్తకం.

ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే ఉచిత కథల వెబ్‌సైటు మీకు సరిపోతుంది. తెలుగు కథలు బొమ్మలతో ఉంటాయి, చదివే స్థాయిని బట్టి వేరు చేసి ఉంటాయి. వాటిలో చాలా భాగం క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉన్నాయి. రచయిత పేరు, చిత్రకారుల పేరు, లైసెన్సు పేరు ఉంచితే చాలు. దించుకోవచ్చు, అచ్చు తీయవచ్చు, ప్యానెల్ మీద చూపించవచ్చు, మరో భాషలోకి మార్చవచ్చు. ఎవరికీ దరఖాస్తు పెట్టనక్కరలేదు. మండల కేంద్రానికి వెళ్లినప్పుడు మంచి నెట్ ఉన్నచోట పెన్‌డ్రైవ్‌లో దించుకుని, కంప్యూటర్లన్నిటిలోకి ఎక్కించండి. బాగా నచ్చినవి అచ్చు తీసి, అట్ట వేసి, లైబ్రరీకి చేరిన పుస్తకాలు నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్‌లో రాయండి. రిజిస్టర్‌కు ఎక్కిన పుస్తకాన్ని పిల్లలు జాగ్రత్తగా చూస్తారు, మీ తర్వాత వచ్చే టీచరూ చూస్తుంది.

మీ బడిలో తండాల నుంచి, చెంచు గూడేల నుంచి వచ్చిన పిల్లలు ఉంటారు. మీ ఉత్తరం చదవగానే నాకు వాళ్లే గుర్తొచ్చారు. ఆ లైసెన్సు ఇచ్చే అసలు మేలు వాళ్లకే. ఒక చిన్న కథ తీసుకుని, ఆరో తరగతి లంబాడీ అమ్మాయిలతో వాళ్ల మాటలో, తెలుగు లిపిలో రాయించండి. అదే బొమ్మల కింద ఆ వాక్యాలు పెట్టి అచ్చు తీయండి. డబ్బు కట్టి తెచ్చుకునే వేదికల్లో ఈ పని చేయడానికి వీలే లేదు. అక్కడ పుస్తకం మీద కాపీ చేయనివ్వని సాఫ్ట్‌వేర్ తాళం ఉంటుంది. ఆ తాళం తీయడం మన దేశంలోనూ కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత నేరం కిందికి రావచ్చు.

నేషనల్ బుక్ ట్రస్ట్ వారి రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ కూడా ఉచితమే, పిల్లల కోసమే ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ 2018 జూన్‌లో అందరికీ తెరుచుకుంది. అయితే అందులో చాలా భాగం ఇతర చోట్ల ఉన్న పుస్తకాలకు దారి చూపేదే. కొన్ని లింకులు చందా ఉన్నవాళ్లకే తెరుచుకుంటాయి. పిల్లలను నేరుగా దాని ముందు కూర్చోబెట్టకుండా, మీరు ముందు వెతికి పెట్టుకోండి.

ప్రశ్న: మా లైబ్రరీలో కొన్ని మంచి తెలుగు పుస్తకాలు ఒక్కొక్క ప్రతే ఉన్నాయి, ఇప్పుడు బజారులో దొరకడం లేదు. వాటిని స్కాన్ చేసి తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా? బడి పనే కదా, తప్పేమిటని మా తోటి ఉపాధ్యాయులు అంటున్నారు.
— తెలుగు పండితుడు, వనపర్తి

పుస్తకాన్ని బట్టి ఉంటుంది సార్. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ తర్వాత పుస్తకం అందరిదీ.

మీ జిల్లా వైపు నుంచే ఉదాహరణ చెబుతాను. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో కన్నుమూశారు. ఆయన జీవించి ఉండగా అచ్చయిన రచనలు 2014 జనవరి 1 నుంచి అందరివీ. వట్టికోట ఆళ్వారుస్వామి గారిది మా నల్లగొండ జిల్లా. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తెలుగు పుస్తకం దొరకని రోజుల్లో దాన్ని జనం దగ్గరికి తీసుకెళ్లిన మనిషి. 1961లో పోయారు. ఆయన బతికి ఉండగా వెలువడిన రచనల మీద హక్కు 2021తో తీరింది. వీటిని స్కాన్ చేయండి, పంచండి, అచ్చు వేయండి. కానీ పాత ముద్రణనే స్కాన్ చేయాలి. కొత్త ముద్రణలో చేర్చిన ముందుమాట, వివరణలు, ముఖచిత్రం ఇతరుల సొత్తు. దాశరథి కృష్ణమాచార్య గారు 1987లో మరణించారు కాబట్టి ఆయన రచనలకు 2047 చివరిదాకా హక్కు ఉంది. వాటిని గ్రూపులో పెట్టకూడదు.

బడి పని అన్న వాదనలో కొంత నిజం ఉంది. బోధన కోసం ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ప్రతి తీసుకోవడాన్ని చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి జిరాక్స్ దుకాణం మీద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ మాటే చెప్పింది. అయితే అక్కడి సంగతి పాఠ్యక్రమానికి అవసరమైన అధ్యాయాల గురించి. మీరు చెప్పే పాఠానికి ఒక కథ, ఒక పద్యభాగం జిరాక్స్ తీసి పంచడం వేరు, నవల మొత్తం పీడీఎఫ్ చేసి గ్రూపులో వదలడం వేరు. ఆ ఫైలు సాయంత్రానికి ఊళ్లు దాటుతుంది. ప్రతి చిరిగిపోకుండా దాచడానికి స్కాన్ చేసే వెసులుబాటు చట్టంలో ఉంది గాని, అది వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయాలకు, అదీ భద్రపరచడం వరకే. బడి లైబ్రరీ దాని కిందికి వస్తుందని ధీమాగా ఉండకండి.

హక్కు తీరని పుస్తకాలకు దారి ఒక్కటే, అడగడం. పాలమూరు, నల్లగొండ రచయితల్లో ఎందరో తమ పుస్తకాలు తామే అచ్చు వేసుకుంటారు, హక్కు వాళ్ల చేతిలోనే ఉంటుంది. బజారులో లేని పుస్తకాన్ని పిల్లలు చదువుతారంటే కాదనే రచయిత అరుదు. రచయిత లేకపోతే వారసులను అడగండి. ఫోనులో సరేనన్నారని ఊరుకోకుండా ఒక కాగితం తీసుకోండి. పుస్తకం పేరు, ఏ పాఠశాల విద్యార్థులకు, ఏ రూపంలో, ఎంతకాలం, అమ్మకం లేదు అన్న సంగతులు నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. ఆ కాగితాన్ని రిజిస్టర్‌తో పాటు భద్రపరచండి.

మీ పిల్లలకు మంచి పని ఒకటి చెబుతాను. హక్కు తీరిన పుస్తకాన్ని స్కాన్ చేసి వదిలేయకుండా, ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్‌లో చేర్చి, తొమ్మిదో తరగతి పిల్లలతో పేజీలు టైపు చేయించండి, తప్పులు దిద్దించండి. ఆ పుస్తకం యూనికోడ్‌లోకి వస్తుంది. పాత తెలుగు వాక్యం పిల్లల వేళ్ల కిందుగా పోతుంటే వాళ్లకు అబ్బే భాష వ్యాకరణ పాఠంలో అబ్బదు.

ప్రశ్న: మా హైస్కూలుకు వచ్చే లైబ్రరీ గ్రాంటుతో ఈ-పుస్తకాల చందా కట్టవచ్చా? ఈ-పుస్తకాలు చవక అంటున్నారు.
— ప్రధానోపాధ్యాయుడు, హాలియా

సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు లెక్క ఉంది. అంత చిన్న మొత్తాన్ని ఏడాదితో ఆవిరయ్యే చందాకు పెట్టకండి. అచ్చు పుస్తకాలు కొనండి, అవి పదేళ్లు ఉంటాయి. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, ఈ-పుస్తకానికి ఉంది. అచ్చు రూపం ఉన్న ఈ-పుస్తకాల మీద పన్నును 2018లో 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు, కానీ ఎత్తేయలేదు. చందా మొత్తంలో పన్ను కలిపి చెబుతున్నారా, కలపకుండానా అన్నది కూడా చూసుకోండి.

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. బడిలో కొత్త చదువుల యాప్ కోసం పాప పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఫొటో, మా ఫోను నంబరు అడిగారు. పుస్తకాలు చదవడానికి ఇవన్నీ ఎందుకు?
— ఒక తల్లి, కోదాడ

అవసరం లేదమ్మా. పుస్తకం ఇవ్వడానికి రోల్ నంబరు చాలు. బడి తలచుకుంటే రోల్ నంబర్లతోనే ఖాతాలు తెరిపించవచ్చు, హెడ్మాస్టరు గారిని అలాగే అడగండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారందరూ పిల్లలే. వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, పిల్లల ప్రవర్తనను వెంబడించి ప్రకటనలు చూపించకూడదని అందులో ఉంది. బడులకు కొన్ని మినహాయింపులు ఉన్నా, అడిగే హక్కు మీకు ఉంది.

పేరు, నంబరు కంటే నేను ఎక్కువ ఆలోచించేది మరో సంగతి గురించి. ఏ పాప ఏ పుస్తకం తీసింది, ఏ పేజీ దగ్గర ఆగింది అన్నది యాప్‌లో నమోదవుతుంది. ఒంట్లో వచ్చే మార్పుల గురించో, తాగి కొట్టే తండ్రి గురించో ఒక ఆడపిల్ల పుస్తకంలో వెతుక్కుంటే, ఆ సంగతి ఎక్కడో ఉన్న కంపెనీకి తెలియాల్సిన పని లేదు. లైబ్రరీలో నేను ఇష్యూ కార్డులు ఎవరికీ చూపించేదాన్ని కాదు. బడి ఆ నమోదులను ఏడాది చివర తుడిచేయమని కంపెనీకి రాసివ్వాలి.

ప్రశ్న: మా బడిలో ఎనిమిదో తరగతిలో చూపు లేని అబ్బాయి ఉన్నాడు. కథలంటే ప్రాణం. తెలుగులో ఆడియో పుస్తకాలు చాలా తక్కువ దొరుకుతున్నాయి. మేమే చదివి రికార్డు చేస్తే కాపీరైటు అడ్డు వస్తుందా?
— ప్రత్యేక ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్

రాదు. నిశ్చింతగా చేయండి. 2012 సవరణతో మన కాపీరైటు చట్టంలో చేరిన నిబంధన ప్రకారం, వైకల్యం ఉన్నవారు చదువుకోగలిగే రూపంలోకి ఏ పుస్తకాన్నయినా, లాభాపేక్ష లేకుండా, హక్కుదారు అనుమతి లేకుండానే మార్చవచ్చు. చూపు లేనివారికి పుస్తకాలు అందించే మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్నిటికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. షరతు ఒకటే, ఆ రికార్డింగు వాళ్లకే చేరాలి, అందరి గ్రూపుల్లో తిరగకూడదు.

చూపు లేనివారి కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో అబ్బాయి పేరు నమోదు చేయించండి. ఇలాంటి పుస్తకాలు తయారుచేసే సంస్థల సమాఖ్య డైసీ ఫోరం ఆఫ్ ఇండియాలో సభ్యత్వం ఉన్న సంస్థల ద్వారా పుస్తకాలు అందుతాయి. అక్కడ తెలుగు కథలు చాలకపోతే మీ రికార్డింగులే దిక్కు. యూనికోడ్ పాఠం దొరికితే ఫోనే చదివి వినిపిస్తుంది గాని, కథకు మనిషి గొంతు కావాలి. పదో తరగతి పిల్లల్లో బాగా చదివేవాళ్లను పిలవండి. ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలుగా ఉండాలి. మొదట పుస్తకం పేరు, రచయిత పేరు, అధ్యాయం సంఖ్య చెప్పి మొదలుపెట్టాలి. బొమ్మ వచ్చినచోట ఆగి, బొమ్మలో ఏముందో రెండు మాటల్లో చెప్పాలి. పేజీ మారినప్పుడు పేజీ సంఖ్య చెబితే, తరగతిలో టీచర్ ఏ పేజీ అన్నారో ఆ అబ్బాయి తానే వెతుక్కోగలడు.